ఇంటికి గుఱిపెట్టిన యుద్ధము

యుద్ధవార్తలు పురుషులు చదువుకొనునవి, వంటింటి సంగతులు స్త్రీలు చదువుకొనునవి అని పూర్వము మన యిండ్లలో నొక విభాగముండెడిది. పత్రికలోని యుద్ధపు పుట వీధియరుగుమీదనే మిగిలిపోయి, తక్కిన పుటలు లోపలికి వచ్చుచుండెడివి. ఇల్లు, పిల్లలు, పొదుపు, ఆరోగ్యము మొదలగువానిని గూర్చి ప్రతిమాసమును ముచ్చటించు మేము ఈ మాసము బాంబులను గూర్చి వ్రాయుట చూచి కొందఱు సోదరీమణులు ఆశ్చర్యపడవచ్చును. కాని మేము మా హద్దు దాటలేదు. ఇరువదవ శతాబ్దమున యుద్ధమే తన హద్దు దాటి ఇంటిలోనికి వచ్చినది. అది దారి తప్పి వచ్చినది కాదు. ఇంటినే గుఱిచూచుకొని వచ్చినది. అది యెట్లు జరిగినదో, దానివలన మనము తెలిసికొనవలసినదేమో చెప్పుటయే మా ఉద్దేశము.

మన పెద్దలు యుద్ధమెఱుగనివారు కారు. భారతయుద్ధమున పదునెనిమిది అక్షౌహిణులు నశించినవి. అయినను ఆ యుద్ధమునకొక పొలిమేర యుండెను. కురుక్షేత్రమొకచోట, హస్తినాపురమొకచోట. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట పోరు మానవలయునను నియమముండెను. ఆ నియమము తప్పిన రాత్రులు లేకపోలేదు. తప్పినపుడు దానిని తప్పనియే చెప్పిరి. నిదురించుచున్నవారిని చంపి, తుదకు ఉత్తర గర్భమందలి శిశువుమీద అస్త్రము విడిచిన అశ్వత్థామను మన యవ్వలెవ్వరును వీరుడని పిల్లలకు చెప్పలేదు. ఆకాశయుద్ధమును గూర్చి తీర్పు చెప్పుటకు మనకు క్రొత్త ధర్మశాస్త్ర మక్కఱలేదు. ఈ యొక్క కథ చాలును.

విమానము 1903లో పుట్టినది. ఎనిమిదేండ్లు తిరుగకమునుపే, 1911లో, ఇటలీవారు లిబియాలో విమానమునుండి చిన్న బాంబులను చేతితో విసరిరి. మొదటి ప్రపంచయుద్ధమున అవి నగరములమీద పడసాగెను. 1917 జూను 13వ తేదీన లండనులోని పోప్లార్ పేటలో ఒక పాఠశాలమీద జర్మను విమానమునుండి బాంబు పడి 18మంది పిల్లలు మరణించిరి. వారిలో పెక్కుమందికి ఐదేండ్ల ప్రాయము.

ఆ యుద్ధము ముగిసిన తరువాత, ఇట్టిది మఱల జరుగకుండ నేమి చేయవలయునని యోచింపవలసినవారిలో కొందఱు, దీనిని ఇంకను బాగుగ నెట్లు చేయవచ్చునని యోచించిరి. ఇటలీ సేనాని జూలియో డూహే 1921లో ఒక గ్రంథము ప్రకటించెను. సైన్యముతో సైన్యము పోరాడుట వ్యర్థ కాలయాపనమనియు, విమానములతో శత్రువు నగరములమీద బాంబులు కురిపించినచో జనులు భయమునకు తాళలేక సంధి చేసికొమ్మని తమ ప్రభుత్వమునే నిర్బంధింతురనియు అతని వాదము. ఈ వాదమునకు పునాది యెక్కడనున్నదో సోదరీమణులు గమనింపవలయును. సిపాయి గుండె గట్టిది, ఇంటిలోనివారి గుండె మెత్తనిది. ఇల్లు కూలి, తల్లులు బిడ్డలు ఏడ్చిన, ఆ యేడ్పు విని దేశము లొంగును అనుటయే ఆ పునాది. మన కన్నీరే ఆయుధమగునని సేనానులు లెక్కవేసిరి.

ఈ లెక్క పెద్దయెత్తున పరీక్షకు వచ్చిన స్థలము లండను. 1939 సెప్టెంబరు 1వ తేదీనుండి మూడు దినములలో ఆ దేశపు పెద్ద నగరములనుండి సుమారు 15 లక్షలమందిని పల్లెలకు పంపిరి. వారిలో అధికసంఖ్యాకులు బడిపిల్లలు. తక్కినవారు చంటిబిడ్డల తల్లులు, గర్భిణులు. బిడ్డ చొక్కాకు పేరు వ్రాసిన చీటి కట్టి, చేతికొక చిన్న మూట నిచ్చి, ముక్కుమొగము తెలియనివారి యింటికి రైలెక్కించుట ఆ తల్లులకు వచ్చిన పని. పంపినచో బెంగ, పంపకున్నచో భయము. వెంటనే బాంబులు పడకపోవుటచే కొన్ని నెలలలోనే చాలమంది తల్లులు పిల్లలను మఱల తెచ్చుకొనిరి. అటుపిమ్మటనే విమానములు వచ్చినవి.

1940 సెప్టెంబరు 7వ తేదీన మొదలుపెట్టి 57 రాత్రులు ఎడతెగక లండనుమీద బాంబులు పడెను. దీపము పెట్టుట శుభమని మనమందుము. లండను ఇల్లాలికి దీపము వెలుపలికి కనబడనీయకుండుట విధి యయ్యెను. ప్రతి కిటికీకిని నల్లని తెర కట్టవలయును; సందులో వెలుగు రేఖ కనబడిన కావలివాడు వచ్చి తలుపు తట్టును. పెరటిలో గుంట త్రవ్వి, దానిమీద ఇనుపరేకులు వంపుగ నిలిపి, పైన మన్ను కప్పిన చిన్నగూటిలో కుటుంబమంతయు కూర్చుండవలయును. వానకు అందులో నీరూరును. పెరడు లేనివారికొఱకు 1941లో ఇనుప బల్లలు వచ్చినవి. పగలు దానిమీద భోజనము. రాత్రి దాని క్రింద నిద్ర. లక్షకు పైగా జనులు నేల క్రింది రైలుస్టేషనులలో, పట్టాల ప్రక్కనే దుప్పట్లు పఱచుకొని రాత్రులు గడపిరి.

తెల్లవాఱిన తరువాతి పనియు స్త్రీలదే. గాజుపెంకులు ఊడ్చుట, మసి కడుగుట, ఏ పాత్ర మిగిలినదో చూచుకొనుట, కుళాయిలో నీరు రానిచో బకెట్టుతో వరుసలో నిలుచుట. గ్యాసుగొట్టములు పగిలి పొయ్యి వెలుగని పేటలలో వీధిలో ఇటుకలు పేర్చి వండిరి. 1938లో లేడీ రీడింగ్ స్థాపించిన స్త్రీల స్వచ్ఛంద సేవాసంఘమువారు ఇల్లు కూలినవారికి తేనీరు, బట్టలు, బస సమకూర్చిరి. 1941 మే నెల దాక సాగిన ఈ దాడులలో బ్రిటనులో సుమారు 43,000మంది పౌరులు మరణించిరి. వారిలో ఇంచుమించు సగముమంది లండనువారు. అయినను ప్రభుత్వము లొంగలేదు. జనులు సంధి సంధి యని వీధులలోనికి రాలేదు. డూహే లెక్క తప్పినది.

బాంబు పడకయే భయము చంపుననుటకును ఆ నగరమే సాక్షి. 1943 మార్చి 3వ తేదీ రాత్రి బెత్నల్ గ్రీన్ స్టేషను మెట్లమీద జనులు దిగుచుండగా దాపున క్రొత్తరకపు విమానధ్వంసక రాకెట్లు పెద్దచప్పుడుతో లేచెను. అవి శత్రువు బాంబులని యెంచి జనులు త్రోసికొనిరి. చీకటిలో, తడిసిన మెట్లమీద, ఒకరు పడగా వెనుకవారు వారిమీద పడిరి. 173మంది ఊపిరాడక మరణించిరి. వారిలో 62మంది పిల్లలు. ఆ రాత్రి ఆ పేటలో ఒక్క బాంబైన పడలేదు.

ఇదంతయు దూరదేశపు కథ యనుకొనరాదు. తెలుగు ఇండ్లకును ఈ నిప్పు తగిలినది. ఆ కాలమున బర్మాలోని రంగూను నగరమున సగమునకు మించి భారతీయులుండిరి. గోదావరి, విశాఖపట్టణము, గంజాము ప్రాంతములనుండి పొట్టచేతబట్టుకొని ఓడలెక్కిపోయిన తెలుగువారు అక్కడి రేవులలో మూటలు మోయుచుండిరి. కోరంగి రేవు పేరుమీద వారిని అక్కడివారు కోరంగీలని పిలుచుచుండిరి. 1941 డిసెంబరు 23వ తేదీ పగటివేళ జపాను విమానములు రంగూనుమీదికి వచ్చినవి. విమానదాడి యెట్టిదో యెఱుగని జనులు వీధులలో నిలిచి తలలెత్తి చూచిరి. ఆ చూపే వారి ప్రాణములు తీసినది. ఒక్క దినమున వేయికి మించినవారు మరణించిరి. రెండుదినముల తరువాత మఱల దాడి జరిగెను. రేవు పని నిలిచెను. నగరము ఖాళీ కాజొచ్చెను.

ఓడలో చోటు దొరకినవారు అదృష్టవంతులు. దొరకనివారు కాలినడకను బయలుదేరిరి. కొందఱు ప్రోము మీదుగ అరకాను కొండలు దాటి చిట్టగాంగు వైపునకును, కొందఱు తమూ మీదుగ మణిపురము వైపునకును నడచిరి. ఆ యేడు సుమారు నాలుగైదు లక్షలమంది భారతీయులు బర్మా విడిచిరి. దారిలో కలరా, మలేరియా, ఆకలి వారిని వెంటాడెను. ఎన్నివేలమంది కొండదారులలో నేలకొరిగిరో సరియైన లెక్క కట్టినవారు లేరు. బాంబు రంగూనులో పడినది. దానివలన ప్రాణము పోయినది వందల మైళ్ల దూరమున, వారముల తరువాత, తల్లి చంకలోని బిడ్డది. నగరములమీద బాంబులు పడినపుడు చనిపోయినవారి సంఖ్య యని పత్రికలు వేయు లెక్కలలో ఈ బిడ్డ చేరదు.

1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముమీదను, కాకినాడమీదను బాంబులు వేసెను. రంగూనుతో పోల్చిన నష్టము మిక్కిలి స్వల్పము, చనిపోయినవారు కొలదిమంది. కాని వేలకొలది కుటుంబములు రైలుమీద, బండిమీద, కాలినడకను లోపలి యూళ్లకు తరలిపోయెను. ఆ నెలలోనే మద్రాసు నగరమును విడిచి జనులు పోసాగిరి. ప్రభుత్వకార్యాలయములు కొన్ని లోపలి జిల్లాలకు కదలెను. ఆనాడు విశాఖలో పేలక మిగిలిన యొక బాంబును నేటికిని అక్కడి విశాఖ మ్యూజియములో చూడవచ్చును. బాంబు బరువెంతయో తూచవచ్చును. భయము బరువును తూచు త్రాసు లేదు.

విశాఖకు ఈ దుర్దినము రాకముందు సరిగా ఒక్క వారమున, అనగా 1942 మార్చి 30వ తేదీన, లండనులో ఒక చిన్న వినతిపత్రము తయారైనది. దానిని వ్రాసినది బ్రిటిషు ప్రధాని చర్చిలుగారి శాస్త్ర సలహాదారు లార్డు చెర్వెల్. ఒక్కొక్క టన్ను బాంబులకు ఎన్ని యిండ్లు కూలును, ఎందఱు నిలువనీడ లేనివారగుదురు అని అతడు లెక్క కట్టెను. ఆ ఉపాయమునకు ఆంగ్లమున పెట్టిన పేరునకు తెలుగున ఇండ్లు లేకుండ చేయుట యని యర్థము. స్నేహితులు, బంధువులు చనిపోయినదానికంటెను తమ యిల్లు కూలినందుకే జనులు ఎక్కువ క్రుంగిపోవుదురనికూడ అందులో వ్రాసెను. కావున జర్మనీలోని పెద్ద నగరములలో ఇండ్లను కూల్చవలయునని అతని సలహా.

ఇందులోని విపరీతము చూడుడు. ఈ లెక్కలకు ఆధారము బర్మింగ్‌హామ్, హల్ అను ఆంగ్లేయ నగరములలో జర్మను బాంబులవలన కలిగిన నష్టమును గూర్చిన పరిశోధన. ఆ పరిశోధకులు ఆ నగరములలో జనుల గుండెదిటవు చెదరలేదనియే తేల్చిరి. తమ యింటి స్త్రీలు లొంగలేదని కన్నులార చూచినవారే, ఎదుటి దేశపు స్త్రీలు లొంగుదురని నమ్మిరి. కష్టమనుభవించుట మనుష్యుని దయామయుని చేయునని సామాన్యముగ చెప్పుదురు. ఎల్లప్పుడును అట్లు కాదని ఈ కాగితము చెప్పుచున్నది.

ఫలితము 1943 జూలైలో హాంబర్గు నగరమున కనబడెను. వేలకొలది చిన్నమంటలు ఒక్కటై, చుట్టునున్న గాలిని పీల్చుకొని, మంటల సుడిగాలి లేచెను. నేలమాళిగలలో దాగినవారు గాలిలేక అక్కడనే మరణించిరి. ఆ దాడులలో చచ్చినవారు ముప్పదివేలకు మించిరి. ఇంత జరిగినను జర్మనీ లొంగుటకు ఇంకను దాదాపు రెండేండ్లు పట్టెను. యుద్ధానంతరము అమెరికావారు ఈ బాంబుదాడుల ఫలితమును విచారించి, జనులు మిక్కిలి క్రుంగిరి గాని పని మానలేదని తేల్చిరి. ఆ దేశపు నిరంకుశ ప్రభుత్వము క్రింద మానుటకు వారికి స్వాతంత్ర్యమును లేదు.

జపానులో ఇండ్లు కఱ్ఱతోను కాగితముతోను కట్టినవి. వానిని కాల్చుటకే ప్రత్యేకముగ అంటుకొని మండు బాంబులను అమెరికాలో తయారుచేసిరి. 1945 మార్చి 9వ తేదీ రాత్రి సుమారు 300 విమానములు టోకియోలో జనము కిక్కిరిసిన పేటలమీద వానిని కురిపించెను. ఇరుగుపొరుగు సంఘములలోని స్త్రీలకు మంటలు చూచి పాఱిపోరాదనియు, బకెట్లతో నీళ్లందించుకొని, తడిగుడ్డలతో కొట్టి ఆర్పవలయుననియు ప్రభుత్వము నేర్పియుండెను. చెప్పిన మాట విని నిలిచినవారనేకులు నిలిచినచోటనే కాలిపోయిరి. తలకు రక్షణగ కట్టుకొన్న దూదికుళ్లాయిలకే నిప్పంటుకొనెను. ఒక్క రాత్రిలో సుమారు లక్షమంది మరణించిరి. పది లక్షలమంది ఇండ్లు లేనివారైరి. అంతకు ముందేడు పల్లెలకు పంపబడిన పిల్లలలో పై తరగతివారు కొందఱు బడి చదువు ముగింపు ఉత్సవమునకని ఆ మార్చి నెలలోనే తల్లిదండ్రులయొద్దకు తిరిగివచ్చియుండిరి.

అటుపిమ్మట ఆగష్టు 6వ తేదీన హిరోషిమా, 9వ తేదీన నాగసాకి. హిరోషిమాలో ఆ యుదయమున వేలకొలది బడిపిల్లలు వీధులలో పనిచేయుచుండిరి. బాంబులవలన మంటలు వ్యాపింపకుండ ఇండ్లను పడగొట్టి ఖాళీదారులు చేయుట వారి పని. ఆ బాంబు ముందర ఆ దారులెందుకు పనికివచ్చును? ఆ యేడు ముగియులోపల హిరోషిమాలో చనిపోయినవారు సుమారు 1,40,000మంది. జపాను లొంగుటకు ఈ రెండు బాంబులు, సోవియట్టు రష్యా యుద్ధమునకు దిగుట, ఇందులో ఏది ఎంత కారణమని చరిత్రకారులు నేటికిని వాదించుచున్నారు. ఆ వాదమేమైనను, చేతిలో కఱ్ఱయైన లేని పిల్లలు దానికి వెలయిచ్చిరనుటలో వాదము లేదు.

ఇంత చెప్పి మేము చెప్పదలచిన ముఖ్యవిషయమునకు వచ్చుచున్నాము. ఆ యుద్ధము ముగిసినది మొదలు లండను తల్లుల ధైర్యమును, స్త్రీల ఓర్పును పొగడుచు ఎన్నో మాటలు వచ్చినవి. ఆ పొగడ్త న్యాయమైనదే. బాంబులు పడుచుండగ పిల్లలకు అన్నము వండిన చేతులకు నమస్కరింపనివారెవరు? అయినను ఆ పొగడ్తలో ఒక ప్రమాదమున్నది. స్త్రీలు దేనినైనను ఓర్చుకొందురని పదేపదే చెప్పినకొలదియు, వారిమీద దేనినైనను మోపవచ్చునను ధైర్యము మోపువారికి కలుగును. ఇంటిలోని చిన్న విషయములలో మనకిది అనుభవమే. ఆమె ఓర్పుగలది అను మాట తఱచు ఆమెకు ఇంకొక బరువు నెత్తుటకు ముందు వచ్చును. ఓర్పు బాధితుల గుణము. అది బాధపెట్టినవారి తప్పునకు క్షమాపణ కాజాలదు. లండను స్త్రీ లొంగలేదు కనుక బాంబు వ్యర్థమని చెప్పుట చాలదు. ఆమె లొంగియుండినను ఆ బాంబు అధర్మమే. గుఱి తప్పినందుకు కాదు, ఆ గుఱియే పెట్టరానిదైనందుకు అది తప్పు.

ఈ సంగతి లోకము ఆలస్యముగనైనను కొంత గ్రహించినది. 1923లోనే హేగ్ నగరమున న్యాయవేత్తలు జనులను భయపెట్టుటకై బాంబులు వేయరాదని నియమములు వ్రాసిరి. కాని ఏ దేశమును వానిని శాసనముగ నంగీకరింపలేదు. 1949లో జెనీవా ఒప్పందములలో నాల్గవది యుద్ధకాలమున పౌరుల రక్షణకై ప్రత్యేకముగ నేర్పడెను. 1977లో దానికి చేర్చిన అనుబంధపత్రమున, పౌరులలో భయోత్పాతము కలిగించుటయే ముఖ్యోద్దేశముగాగల దాడులు నిషిద్ధములని స్పష్టముగ వ్రాసిరి. మన భారతదేశము 1949 నాటి ఒప్పందములలో చేరినది గాని 1977 నాటి అనుబంధమున నింకను చేరలేదు. అమెరికా సంతకము చేసినది గాని ఖాయపఱచలేదు. వ్రాసినంత మాత్రమున బాంబులాగవు. 2022లో ఆరంభమైన యుద్ధమున యుక్రెయిన్ నగరములలోను, 2023లో ఆరంభమైన యుద్ధమున గాజాలోను కూలిన యిండ్లను మన యింటి తెరలమీదనే చూచితిమి. అయినను వ్రాసియుండుట మేలే. తప్పును తప్పని వ్రాయని లోకమున దానినెత్తిచూపుటకు వ్రేలుండదు.

మనమేమి చేయగలమని సోదరీమణులు అడుగుదురు. పెద్దపనులు చెప్పుట మా యలవాటు కాదు. రెండు చిన్నపనులు చెప్పుదుము.

మొదటిది. ఎక్కడనైనను నగరముమీద దాడి జరిగినదని వార్త వచ్చినపుడు ఇంటిలో పిల్లలయెదుట దానిని ఆటలోని గెలుపోటములవలె మాటలాడనీయరాదు. అది మన దేశమువారు చేసినదైనను, మనకు గిట్టనివారిమీద పడినదైనను సరియే. ఆ యూరిలో ఆ రాత్రి పిల్లలెక్కడ పడుకొనిరి, నీళ్లెక్కడనుండి తెచ్చుకొనిరి అని ఒక ప్రశ్న వేసిన చాలును. పిల్లలు దానిని మఱవరు.

రెండవది. 1942లో విశాఖ, కాకినాడ, మద్రాసు విడిచిపోయినవారును, రంగూనునుండి నడిచివచ్చినవారును ఇప్పటికి మిక్కిలి కొలదిమంది మిగిలియుందురు. ఆనాడు పసివారైనవారికి నేడు ఎనుబది దాటినవి. మీ యింటిలోనో మీ వీధిలోనో అట్టి అవ్వయో తాతయో ఉన్నచో, తీరిక చేసికొని వారిచెంత కూర్చుండి అడుగుడు. ఏ దారిని వచ్చిరి, ఏమి మూటగట్టుకొనిరి, ఏమి వదలిరి, ఎవరిని వదలిరి అని అడిగి ఒక నోటుపుస్తకమున వారి మాటలలోనే వ్రాసిపెట్టుడు. సేనానుల లెక్కలు ప్రభుత్వపు బీరువాలలో భద్రముగనున్నవి. ఇండ్ల లెక్క వ్రాయవలసినవారము మనమే.